లైటు ఆర్పమన్న ఆవిడ

మొన్న నైట్ డ్యూటీలో రెండు గంటలప్పుడు ఒకావిడ వచ్చింది. చున్నీ నుదుటికి బిగించి కట్టుకుంది, దగ్గరికెళ్తే అమృతాంజనం వాసన. చేతిలో వాంతికి తెచ్చుకున్న కవరు. "ముందా లైటు ఆర్పండి మేడం" అంది. సగం రోగం నాకక్కడే తెలిసిపోయింది: మైగ్రేన్, వెలుతురు కూడా భరించలేని పార్శ్వపు తలనొప్పి.

భర్తది వేరే గోల. "తలలో ఏముందో ఏమో, స్కాన్ తీయించండి మేడం, డబ్బులకు చూడొద్దు."

ముందు ప్రశ్నలు. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చిందా, మెల్లగా పెరిగిందా? జ్వరం, దెబ్బ, ఫిట్స్? నెల తప్పిందా? సాయంత్రం నుంచి ఎడమ కణతలో కొట్టుకుంటూ పెరిగిందట. కాలేజీ రోజుల నుంచీ వచ్చే నొప్పేనట. మెడ తేలిగ్గా వంగింది. సారీ చెప్పి టార్చి వేశాను, కనుపాపలు బాగున్నాయి. చేతులు చాపమంటే ఏదీ కిందికి జారలేదు. ప్రమాద సూచనలేవీ కనపడలేదు, అందుకే స్కాన్ రాయలేదు. యాభై దాటాక తొలిసారి వచ్చిన నొప్పయితే ఆయన అడక్కముందే పంపేదాన్ని.

వాంతులవుతుంటే మాత్ర నిలవదు. అందుకే వాంతుల్నీ ఈ నొప్పినీ తగ్గించే మెటోక్లోప్రమైడ్ 10 మిల్లీగ్రాములు 100 ఎంఎల్ సెలైన్‌లో కలిపి, 15 నిమిషాల పాటు. ఈ 15 నిమిషాల పట్టింపు నా తప్పులోంచి వచ్చింది. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఇదే మందు ఒకమ్మాయికి సిరంజితో గబగబా ఎక్కించేశాను. కాసేపటికే ఆ పిల్ల మంచం మీద నిలవదే! లేస్తుంది, కూర్చుంటుంది, కాళ్లాడిస్తుంది, "నన్ను ఇంటికి పంపేయండి" అని ఏడుపు. నొప్పికి తట్టుకోలేకపోతోందనుకున్నా. అది మందు పని అని, దాన్ని అకతీసియా అంటారని సీనియర్ వచ్చి చెప్పేదాకా నాకు తట్టలేదు.

అల్సర్, కిడ్నీ జబ్బు లేవని అడిగి తెలుసుకుని, కెటోరోలాక్ అనే నొప్పి ఇంజెక్షన్ కూడా ఇచ్చాం. సిస్టర్ ట్రమడాల్ తీయబోతే వద్దన్నాను, అలాంటి ఓపియాయిడ్ (నల్లమందు తరహా) మందులతో ఈ నొప్పి మళ్లీ తిరగబెడుతుంది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఒక డోసు వేశాను, రెండు మూడు రోజుల్లో మళ్లీ రాకుండా.

హ్యాండ్‌బ్యాగులో సగం ఖాళీ అయిన మాత్రల అట్టలు నాలుగు. నొప్పి వస్తుందేమోనన్న భయానికి కూడా వేసుకుంటుందట. నెలలో 15 రోజులు, నెలల తరబడి అలా మింగితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయని చెప్పి, న్యూరాలజీ ఓపీకి చీటీ రాశాను, సెల్ వెలుతురులో.

"లైటు వేసుకోండి మేడం," అంది మంచం మీంచి, "ఇప్పుడు పర్లేదు."