కుళ్ళిన దుంప మళ్ళీ పూసేదాకా

అనంతపురంలో మొక్క ఎండిపోయిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం ఇది. ఆ కాస్తలోనూ పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలలదే. అలాంటి ఊళ్ళో ఉంటూ, ఎడారి మొక్కగా పేరున్న అడీనియాన్ని నేను తడి ఎక్కువై కుళ్ళబెట్టుకున్నాను. దాన్ని బతికించుకుని మళ్ళీ పువ్వు చూడడానికి పదహారు నెలలు పట్టింది.

2021 జూన్‌లో బెంగళూరు రోడ్డు పక్కనున్న ఒక నర్సరీలో దాన్ని కొన్నాను. కడియం నుంచి లారీలో వచ్చిన అంటుమొక్క, ముదురు ఎరుపు ముద్దపువ్వు, ధర 350 రూపాయలు. "నీళ్ళు పోయకున్నా బతుకుతాదిలే అక్కా, ఎండలో పెట్టి మర్చిపో" అన్నాడు నర్సరీ అబ్బాయి. అతని మాటలో తప్పేమీ లేదని ఇప్పుడు తెలుస్తోంది. అతను చెప్పని విషయం ఒకటుంది, అంతే.

ఎడారి గులాబీ అని పిలుస్తాం గానీ దీనికీ గులాబీకీ చుట్టరికం లేదు. ఇది గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు కుటుంబానికి చెందినది. సహారాకు దక్షిణాన ఉన్న మెట్ట ప్రాంతాలూ, తూర్పు ఆఫ్రికా, అరేబియా దక్షిణ భాగమూ దీని పుట్టిళ్ళు. ఫోర్‌స్కోల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు యెమెన్ ప్రయాణంలోనే 1763లో మరణించగా, ఆయన రాసిపెట్టుకున్న వివరాలు 1775లో అచ్చయ్యాయి. అందులో దీని పేరు 'నీరియం ఒబీసం', అంటే మన మాటలో లావు గన్నేరు. నాకు ఆ పేరే నచ్చింది. మొక్క స్వభావమంతా ఆ లావులోనే ఉంది: కాండం అడుగున ఉబ్బిన దుంపలో నీళ్ళు దాచుకుని, వానలేని నెలలు వెళ్ళదీస్తుంది. గిల్లితే వచ్చే పాలు గన్నేరు పాలలాగే విషం. ఆఫ్రికాలో వేటగాళ్ళు వాటిని బాణపు మొనలకు పూసేవారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక నా తప్పు. తెచ్చిన రోజు సాయంత్రమే నల్ల కవరు చించి, వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిముద్దను కదిలిస్తే వేళ్ళు తెగుతాయేమోనని భయపడి, ముద్దను ముద్దగానే పెద్ద కుండీలో కూర్చోబెట్టి, చుట్టూ మన ఎర్రమట్టీ ఇసుకా నింపాను. నర్సరీ అబ్బాయి చెప్పని విషయం ఇదే: ఆ ముద్ద గోదావరి ఒడ్డు నల్లమట్టి. బయటి ఎర్రమట్టి ఒక్క పూటలో పొడిబారేది. లోపలి నల్లమట్టి మాత్రం వారం రోజులైనా తడిని వదిలేది కాదు. పైన వేలు పెట్టి చూస్తే పొడిగా తగిలేది గనుక నేను మళ్ళీ నీళ్ళు పోసేదాన్ని. నేను బడికి వెళ్ళాక మా అత్త కూడా ఒక చెంబు పోసేదని తర్వాత తెలిసింది. "పచ్చని చెట్టు నోరు ఎండబెడితే పాపం కాదా తల్లీ" అనేది ఆమె వాదన. బిందె నీళ్ళకోసం మైలు నడిచిన మనిషి తన వాటా నీళ్ళు చెట్టుకు పోస్తుంటే కోప్పడడం ఎలాగో నాకు తెలియలేదు.

ఎండలు ఉన్నంతకాలం ఈ లోపం బయటపడలేదు. ఆ ఏడాది నవంబరులో రాయలసీమంతా ముంచెత్తిన వానలు వచ్చాయి. పది రోజుల పాటు సరిగ్గా ఎండ లేదు. వాన తగ్గాక చూస్తే ఆకులు పసుపెక్కి రాలిపోయాయి; చలికాలంలో ఆకు రాల్చడం దీని అలవాటే కదా అని ఊరుకున్నాను. నాలుగో రోజు దుంపను వేలితో నొక్కితే ఒకవైపు వేలు లోపలికి దిగింది, వాసన కూడా వచ్చింది. దాహంతో ఉన్న దుంప కూడా మెత్తబడుతుంది, కానీ అన్ని వైపులా సమంగా మెత్తబడి, తోలు కాస్త ముడతలు పడుతుంది. కుళ్ళినది మాత్రం ఒకచోటే గుజ్జులా అయి గోధుమరంగుకు తిరుగుతుంది. ఈ తేడా మొదటే తెలిసి ఉంటే ఆ నాలుగు రోజులు మిగిలేవి.

మొక్కను పెళ్ళగించి, వేళ్ళ మట్టి కడిగి, చేతులకు తొడుగులు వేసుకుని, స్పిరిట్‌తో తుడిచిన చాకుతో కోయడం మొదలుపెట్టాను. గోధుమరంగు కండ ఉన్నంతవరకూ కోయాలి, మచ్చలేని తెల్లటి కండ కనిపించాకే ఆగాలి. చుక్కంత మిగిల్చినా కుళ్ళు మళ్ళీ పాకుతుంది. ప్రతి కోతకూ చాకు తుడవాలి. చివరికి దుంపలో మూడోవంతు పోయింది, వేళ్ళలో రెండే మిగిలాయి. అదృష్టవశాత్తూ అంటు కట్టిన చోటు పైన ఉండడంవల్ల దానికేమీ కాలేదు. కోసిన ముఖానికి కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన, బూజును అరికట్టే పొడిమందు అద్ది, వరండాలో గాలి తగిలే నీడలో తలకిందులుగా వేలాడదీశాను.

అలా పద్దెనిమిది రోజులు ఉంచాను. మట్టి లేదు, నీళ్ళు లేవు. ఇంటికి వచ్చినవాళ్ళందరూ అది దిష్టికి కట్టిందనుకున్నారు. మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే, ఎందుకంటే చేయడానికి ఏమీ లేదు. కోసిన ముఖం గట్టిపడి పెచ్చు కట్టాకే మట్టిలో పెట్టాలి. పచ్చి గాయం తడి మట్టికి తగిలితే మళ్ళీ మొదటికే వస్తుంది.

ఈసారి మట్టి విషయంలో మొండిగా ఉన్నాను. ఒక వంతు ఎర్రమట్టి, రెండు వంతులు జల్లించి దుమ్ము తీసేసిన ముతక ఇసుక, ఒక వంతు బాగా చివికిన పశువుల ఎరువు, పిడికెడు వేపపిండి, కొన్ని బొగ్గుముక్కలు, బఠాణీ గింజంత ఇటుకముక్కలు. జల్లించడం అనవసరం అనిపిస్తుంది గానీ, సన్నటి దుమ్మే నీటి దారులను మూసేస్తుంది. పోసిన నీళ్ళు నిమిషం లోపే అడుగు రంధ్రంలోంచి కారితే మట్టి కుదిరినట్టు. మట్టికుండీని రెండు ఇటుకల మీద ఎత్తిపెట్టాను. నాటిన వారానికి గానీ మొదటి నీళ్ళు పోయలేదు, అవి కూడా ఒక్క గ్లాసే.

ఫిబ్రవరిలో చిగురు పట్టింది. ఎండలు ముదిరాక కుండీని మిద్దె మీదికి మార్చి, రోజుకు ఆరేడు గంటలు నేరుగా ఎండ తగిలేలా చూశాను. ఏప్రిల్‌లో 40 డిగ్రీలు దాటినా మొక్క నిగనిగలాడింది. కొత్తగా మట్టిపైకి తేలిన దుంప భాగం మాత్రం మాడి మచ్చపడింది. అక్కడ కొన్నాళ్ళు పాత గోనెపట్టా కప్పవలసి వచ్చింది. నడివేసవిలో మూడు రోజులకొకసారి, మబ్బు పట్టిన వారాల్లో సున్నా, ఆకు రాల్చిన చలికాలంలో ఇరవై రోజులకొక గ్లాసు: మా ఇంట్లో నీళ్ళ లెక్క ఇది. మా బోరునీళ్ళలో ఉప్పు ఎక్కువ, కుండీ అంచున తెల్లటి పొర కట్టేది. అందుకని వాన పడినప్పుడు డ్రమ్ములో పట్టిన నీళ్ళతో నెలకొకసారి కుండీని కడిగినట్టు పోసి, అంతా కారనిచ్చేదాన్ని.

అదే ఏడాది ఆగస్టులో ఒక రాత్రికి రాత్రే ఆకులన్నీ మాయమయ్యాయి. వేలంత లావున్న పచ్చటి గొంగళిపురుగు, తల దగ్గర కళ్ళలా రెండు నీలి మచ్చలు. గన్నేరునూ నందివర్ధనాన్నీ తినే రెక్కలపురుగు పిల్ల అది. చుట్టరికాలు మనకంటే దానికి బాగా తెలుసు. చేత్తో ఏరి పారేశాను, మందు కొట్టలేదు.

కొత్త కొమ్మల చివరే పూలు వస్తాయి కాబట్టి 2023 జనవరి చివర్లో కొమ్మలను సగానికి కత్తిరించి, యూరియా జోలికి పోకుండా గుప్పెడు ఎముకలపిండి వేశాను. మార్చి రెండో వారంలో మొగ్గ విచ్చింది. అయితే అది ఎర్ర ముద్దపువ్వు కాదు, లేత గులాబీరంగు ఒంటిరేకు పువ్వు! అంటు కింది నుంచి, అంటే తల్లిదుంప నుంచి, నేను గమనించని కొమ్మ ఒకటి లేచి ముందుగా పూసింది. అలాంటి కొమ్మలు ఉంటే అంటు బలహీనపడుతుంది గనుక కత్తిరించాలని నేనూ, బాగుంది కదా ఉండనీ అని అత్తా. ఎర్రపూలు కూడా విచ్చేదాకా వారం ఆగి, ఆ కొమ్మను కోసి, ఆరబెట్టి వేరే కుండీలో గుచ్చాను. వేళ్ళూనింది గానీ, విత్తనం మొక్కకు వచ్చే బొద్దుదుంప కొమ్మ మొక్కకు అంత త్వరగా రాదు. అడుగున ఇంకా బొటనవేలంతే ఉంది.

ఆ సన్నమొక్కకే ఈ వేసవిలో మేకకొమ్ముల్లాంటి జంటకాయ కాసింది. కాయ పగిలితే, రెండు చివర్లా పట్టుకుచ్చులున్న గింజలు గాలికి లేచిపోతాయి. అందుకే మా అత్త దానికి తన పాత చీర అంచు దారంతో నాలుగు చుట్లు చుట్టింది.