తండ్రి పేరు పోయి కొడుకు పేరు నిలిచింది

టెక్సాస్‌లో ఒక యూనివర్సిటీ మ్యూజియంలో శిలాజాల రికార్డులు చూసుకోవడం నా ఉద్యోగం. ఏ ఎముక ఎక్కడ దొరికింది, ఎవరు తవ్వారు, ఏ పేపర్లో అచ్చయింది, ఇప్పుడు దాన్ని ఏమంటున్నారు, ఇవన్నీ డేటాబేస్‌లో సరిచూస్తుంటాను. డాలస్‌లో బ్యాంకు ప్రాజెక్టులు చేసే నా క్లాస్‌మేట్స్‌తో పోలిస్తే జీతం తక్కువే. కానీ యూనివర్సిటీలకు హెచ్-1బి లాటరీ లేదు. నిజం చెప్పాలంటే ఆ టెన్షన్ ఉండదనే ఇందులో చేరాను. "ఇంకా గా బొక్కల ఆఫీసులనే ఉన్నవా బిడ్డా?" అని బెల్లంపల్లి నుంచి అమ్మ అడుగుతుంటుంది. మన దిక్కు బొక్కలు తవ్వి పని నేర్చుకున్నాయనే ఇక్కడి బొక్కలకు పేర్లు పెట్టిండని చెబితే ఆమె నమ్మలేదు.

ఆయన శంకర్ ఛటర్జీ. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ తరఫున ప్రాణహిత-గోదావరి లోయలో, అప్పటి ఆదిలాబాద్ జిల్లా మలేరి అనే ఊరి దగ్గరి ఎర్రమట్టిలో పనిచేశారు. మొసలిలా పొడుగు మూతి ఉన్న పారాసూకస్ అస్థిపంజరాలను 1978లో వివరంగా వర్ణించారు. రెండు పారాసూకస్‌ల పొట్టల్లో అవి మింగిన చిన్న సరీసృపాల ఎముకలు కూడా దొరికాయి. 1980లో ఆ చిన్నవాటికి మలేరిసారస్ అని పేరు పెట్టారు. పారాసూకస్ అనే పేరు మాత్రం 19వ శతాబ్దం నాటిదే. కాకపోతే ఆ పేరుకు ఆధారమైన పాత ముక్కను బట్టి జంతువును గుర్తుపట్టడం కుదరదు. అందుకే జంతువుల పేర్లను తేల్చే అంతర్జాతీయ కమిషన్ 2003లో ఆ ముక్కను పక్కనపెట్టి, ఛటర్జీ వర్ణించిన అస్థిపంజరాన్ని ప్రామాణిక నమూనాగా ఒప్పుకుంది. ప్రపంచంలో ఎక్కడ ఆ జాతి శిలాజం దొరికినా ఇప్పుడు పోల్చి చూడాల్సింది మా జిల్లా ఎముకలతోనే.

1970ల చివర్లో ఆయన అమెరికా వచ్చి లబ్బక్‌లోని టెక్సాస్ టెక్‌లో స్థిరపడ్డారు. ఈ జంతువులు బతికిన, 20 కోట్ల ఏళ్లకు పైనాటి ట్రయాసిక్ కాలంలో ఖండాలన్నీ ఒకే ముద్దగా ఉండేవి కాబట్టి ఇక్కడి ఎర్రరాళ్లలో ఉన్నవి మలేరి జంతువుల చుట్టాలే. ఇండియాలో చేసిన సర్వీసును ఇక్కడ ఇంటర్వ్యూల్లో సగానికి కూడా లెక్కెయ్యరు. ఆయనకు మాత్రం అదే పెట్టుబడి అయింది.

లబ్బక్ దగ్గర పోస్ట్ అనే చిన్న ఊరుంది. అక్కడి క్వారీలో దొరికిన పెద్ద వేటజంతువుకు 1985లో పోస్టోసూకస్ అని పేరు పెట్టారు. అదే క్వారీలో పళ్లు లేని ఒక పుర్రె దొరికింది. నిప్పుకోడిలాంటి డైనోసార్లను పోలి ఉందని దాన్ని డైనోసార్‌గా భావించి, 1993లో కొడుకు షువో పేరు మీద షువోసారస్ అన్నారు. 1995లో మరో ఇద్దరు పరిశోధకులు ఆ క్వారీలోనే దొరికిన వేరే ఎముకలకు, ఛటర్జీ మీద గౌరవంతో, ఛటర్జీయా అని పేరు పెట్టారు. 2006లో న్యూమెక్సికో శిలాజం ఎఫిజియా వెలుగులోకి వచ్చింది. దానికి తలా ఒళ్లూ రెండూ ఉన్నాయి. తల షువోసారస్ లాంటిది, ఒళ్లు ఛటర్జీయా లాంటిది! అంటే అవి రెండూ ఒకే జంతువు, అదీ డైనోసార్ కాదు, మొసళ్ల వంశానిది. నియమం ప్రకారం ముందు పెట్టిన పేరే చెల్లుతుంది. అలా తండ్రి పేరు రద్దయి కొడుకు పేరు మిగిలింది.

మా పనిలో ఇలాంటప్పుడు పాత చీటీ తీసెయ్యం. దాని పక్కనే కొత్తది పెడతాం.

1991లో ఆయన ప్రోటోఏవిస్ అనే శిలాజాన్ని, తొలి పక్షిగా పేరున్న ఆర్కియోప్టెరిక్స్ కంటే దాదాపు 7.5 కోట్ల ఏళ్లు పాత పక్షిగా వర్ణించారు. వేర్వేరు జంతువుల ఎముకలు కలిసిపోయాయని చాలామంది ఒప్పుకోలేదు. నాకూ విమర్శకుల మాటే సరైనదనిపిస్తుంది. తమాషా ఏమిటంటే, పేపర్‌ను తప్పుపడుతూ ఉదహరించినా సైటేషన్ లెక్కలో ఒకటి పెరుగుతుంది. ప్రమోషన్ల కోసం ఆ అంకె చూసే కమిటీలకు పొగిడారో తిట్టారో కనబడదు. నేను మాత్రం ఒకటే చూస్తాను: కాదన్నవాళ్లు కూడా పరీక్షించడానికి ఆయన వర్ణించిన ఎముకల దగ్గరికే రావాలి. అవి నంబర్లతో సహా అల్మారాలో ఉన్నాయి.

మలేరిసారస్ విషయంలోనూ ఆయన అభిప్రాయం మారింది, ఎముకలు నిలిచాయి. ఇండియా, అమెరికా పరిశోధకులు కలిసి 2022లో దాని వంశాన్ని మార్చి, అజెండోసారిడ్లు అనే మరో సరీసృపాల కుటుంబంలో చేర్చారు. మలేరి అన్న ఊరి పేరు మాత్రం దానికి అలాగే ఉంది.

మా వైపు దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. పారాసూకస్‌ను చూడాలంటే మాత్రం బెల్లంపల్లి పిల్లలు కోల్‌కతా రైలెక్కాల్సిందే.