ఎండలో పెట్టిన ఇడ్లీ పార్సిల్

కరోనా లాక్‌డౌన్ తరువాత 2020 జూన్‌లో హోటళ్లు మళ్లీ తెరిచాక, విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటికి ఇడ్లీ పార్సిల్ తెప్పిస్తే మా అమ్మ దానిని గుమ్మం దాటనివ్వలేదు. "ముట్టుకోకురా, మేడ మీద ఎండలో పెట్టు, ఉన్న పురుగంతా చస్తుంది" అని పురమాయించింది. బెజవాడ ఎండ మీద ఆమెకున్న నమ్మకం ఏ మందు మీదా లేదు. రెండు గంటలు దాటాక పొట్లం విప్పితే కొబ్బరి పచ్చడి నురగ కట్టి పుల్లటి వాసన వేసింది, ఆకు అంచున చీమలు బారులు తీరి ఉన్నాయి.

లేని ముప్పుకు భయపడి ఉన్న ముప్పును చేజేతులా తెచ్చుకోబోయామని ఆనాడే అనిపించింది. వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటి నుంచో చెబుతోంది, ఎందుకంటే బ్యాక్టీరియా ఆహారంలోనే పెరుగుతుంది. కరోనా వైరస్ అలా కాదు. దానికి జీవకణం కావాలి కనుక ఇడ్లీలో అది వృద్ధి చెందలేదు.

మరి డబ్బా మాటేమిటి? ప్లాస్టిక్ మీద 72 గంటల వరకు, అట్ట మీద 24 గంటల వరకు వైరస్ కనిపించిందన్న 2020 మార్చి నాటి ప్రయోగఫలితం అందరినీ బెదరగొట్టింది గానీ, ప్లాస్టిక్ మీద అది దాదాపు ప్రతి ఏడు గంటలకు సగానికి తగ్గిపోతూ వచ్చిందన్న మాట మన వాట్సాప్ గ్రూపుల దాకా రాలేదు. వైరస్ అంటిన వస్తువును ఒకసారి తాకితే కోవిడ్ సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కన్నా తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో తేల్చింది.

అసలు ప్రమాదం గుమ్మం దగ్గరే ఉండేది. మూడు అంతస్తులు ఎక్కి రొప్పుతూ వచ్చిన కుర్రవాడు, మాస్కు గడ్డం కిందికి లాగి చిల్లర లెక్కపెట్టే నేను, మధ్యలో మూరెడు దూరం. సంచీకి శానిటైజర్ కొట్టిన మేము ఈ ఊపిరి సంగతి పట్టించుకోలేదు. ఊపిరి ద్వారా వైరస్ సోకుతుందన్న భయం మా వైపు నుంచే కాదు, రోజుకు ఎన్నో గుమ్మాలు ఎక్కే అతని వైపు నుంచీ న్యాయమైనదే. తరువాత డబ్బు ముందే ఫోన్‌లో చెల్లించి, సంచీని తలుపు పక్క స్టూలు మీద పెట్టించి, అతను మెట్లు దిగాక తీసుకోవడం అలవాటు చేసుకున్నాము.

వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్, కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఏ ప్రబలినప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది, అవి నిజంగానే తిండి ద్వారా సోకుతాయి. నోరోవైరస్‌కు శానిటైజర్ అంతగా పని చేయదు, సబ్బుతో చేతులు కడుక్కోవలసిందే. అలాంటి రోజుల్లో పొగలు కక్కే బిర్యానీ తింటాను గానీ, దానితో వచ్చే పచ్చి ఉల్లిపాయ ముక్కల పొట్లాన్ని, అమ్మ ఎంత గొణిగినా, విప్పకుండానే పారేస్తాను.