మడ అంచున గేదెలు, ఊళ్లో గడ్డిమేటు

సముద్రపు పోటు నీళ్లలో పెరిగే తెల్లమడ చెట్టు ఆకు ఎప్పుడైనా నాలుక మీద పెట్టుకుని చూశారా? ఎండాకాలం పొద్దున్నే కోస్తే ఉప్పు పలుకులు వేళ్లకి గరగరా తగులుతాయి. నీళ్లతో పాటు లోపలికి వచ్చిన ఉప్పులో కొంత ఆ చెట్టు ఆకుల్లోంచే బయటికి నెట్టేస్తుంది. ఆ రుచి మరిగిన గేదెని గట్టు మీద ఆపడం మనిషి తరం కాదు. నా ఉద్యోగం సగం ఆ ఆకు చుట్టూనే తిరుగుతుంది.

మడ అడవి అనగానే అందరూ కోరింగ అంటారు. 1978లో ప్రకటించిన అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, కాకినాడ నుంచి చెక్కల వంతెన చూడ్డానికి జనం వస్తారు. గౌతమికి ఇవతల కాట్రేనికోన వైపు కూడా బలుసుతిప్ప, కందికుప్ప లాంటి రిజర్వు ఫారెస్టులు ఉన్నాయని చాలామందికి తెలీదు. ఫారెస్టు డిపార్టుమెంటులో నేను పనిచేసేది ఈ వైపు. ఉండేది ముమ్మిడివరంలో, రోజూ బండి మీద గట్టు దాకా, అక్కణ్నుంచి పడవ. ఏం పని అని ఎవరైనా అడిగితే "మేత చూసుకుంటాను" అంటాను. ఎక్కడ మేయొచ్చు, ఎక్కడ మేయకూడదు, ఎన్ని రోజులు, ఎన్ని గేదెలు, మేసిన చోట మళ్లీ చిగురు వచ్చిందా లేదా, ఇదే పని.

ఇంకో సంగతి. ఫారెస్టు మనిషి గేదెల్ని లెక్కపెడుతున్నాడంటే మన పెద్దవాళ్లకి పుల్లరి గుర్తొస్తుంది. పల్నాడులో అడవిలో మేపుకున్నందుకు కట్టమన్న ఆ పన్ను మీద తిరగబడి 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణం ఇచ్చాడు. పుస్తకం తీసి లెక్క రాసుకునే ప్రతిసారీ నాకు ఆయన గుర్తుకొస్తాడు, రావాలి కూడా.

కొత్తలో నాకు ఇవేవీ తెలియవు. అడవిలోకి పశువు రాకూడదు, వస్తే తోలాలి, మళ్లీ వస్తే బందెలదొడ్డికి పంపాలి, చట్టం అదే చెబుతోంది అనుకునేవాణ్ని. చేరిన మొదటి మే నెలలో ఒక సాయంత్రం, పాటుకి నీళ్లు బాగా వెనక్కి తీసిన వేళ, నాటిన మొక్కల్లో పడిన ఇరవై గేదెల్ని నేనూ ఇద్దరు వాచర్లూ కేకలేసుకుంటూ తోలాం. అవి వచ్చిన దారినే పోనిస్తే సరిపోయేది. నేను తొందరపడి అడ్డదారిన కాలవ వైపు మళ్లించాను. ఒక చూడి గేదె ఒండులో పొట్ట దాకా దిగబడిపోయింది. లేవబోతున్నకొద్దీ కిందకి పోతోంది. పడవ తాడు తెచ్చి మెడకి వేసి లాగుతున్నాం, కళ్లు తేలేస్తోంది, ఇటు చూస్తే పోటు ఎక్కుతోంది. నా టెన్షన్ ఇంతా అంతా కాదు. అప్పుడు గేదె తాలూకు పెద్దాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "మెడకి లాగకండి బాబూ, చచ్చిపోద్ది. తాడు వదిలేసి కాళ్ల చుట్టూ తవ్వండి. నీళ్లు రానివ్వండి, నీళ్లే లేపుతాయి" అన్నాడు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని దాని తల ఒళ్లోకి ఎత్తి పట్టుకున్నాడు. మేం చేతులతో, పడవలో నీళ్లు తోడే డబ్బాతో ముందుకాళ్ల దగ్గర ఒండు తీస్తూ ఉన్నాం. గంట పైన పట్టింది. నీళ్లు పక్కటెముకల దాకా వచ్చాక ఒండు పట్టు వదిలిన చప్పుడు, బుడగలు, ఒక్కసారిగా గేదె తేలి ఈదుకుంటూ అవతల గట్టెక్కేసింది. పెద్దాయన లుంగీ పిండుకుంటూ వెనకాలే వెళ్లిపోయాడు. తప్పు పూర్తిగా నాది. మర్నాడు వాళ్లింటికి వెళ్లి చెప్పాను. వాళ్లావిడ మజ్జిగ ఇచ్చింది.

అప్పటినుంచి ఆయన్ని బాబాయ్ అంటాను. మేత గురించి నాకు తెలిసినదాంట్లో చాలా మటుకు ఆయన నేర్పిందే.

ఉదాహరణకి, ఒక చోట ఎక్కువ మేసిందా లేదా అన్నది గేదెల సంఖ్యని బట్టి చెప్పకూడదు, చెట్టుని చూసి చెప్పాలి. తెల్లమడ చిగురు పదే పదే కొరికేస్తే చెట్టు పైకి వెళ్లడం మానేసి కిందే గుబురుగా, పొట్టిగా, మొద్దు కొమ్మలతో పరుచుకుంటుంది, కత్తెరేసిన కంచెలా. తిల్లచెట్టు జోలికి పశువు పోదు, దాని పాలు కంట్లో పడితే కళ్లు పోతాయని అందరికీ భయం. అందుకని తినేది తగ్గుతూ తిననిది మిగులుతూ పోతుంది. నడుస్తూ నడుస్తూ ఉంటే తెల్లమడ, నల్లమడ ఉండాల్సిన చోట తిల్ల ఒక్కటే కనిపించిందా, అక్కడ ఏళ్ల తరబడి మేత శ్రుతి మించిందన్నమాట. లెక్కల పుస్తకం కంటే ఇది ముందు చెబుతుంది.

రెండోది గిట్ట. మడచెట్ల కింద బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచి ఉంటాయి చూడండి, అవి ఊపిరి వేళ్లు, ఆ ఒండులో గాలి ఆడదు కాబట్టి వేరు పైకొచ్చి ఊపిరి తీసుకుంటుంది. మంద ఒకే దారిన పదిసార్లు నడిస్తే అవి విరిగిపోతాయి. ఇక గిట్ట దిగిన గుంటలో పోటు నీళ్లు నిలిచి, ఎండకి ఆవిరై, అడుగున తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. మడ గింజ చెట్టు మీద కాయలో ఉండగానే మొలకెత్తి రాలి నీటి మీద తేలుతూ పోయి ఎక్కడో నాటుకుంటుంది. ఆ ఉప్పు గుంటలో పడితే రెండు ఆకులు విప్పి, మాడి నల్లగా అయిపోతుంది. అలాంటి గుంట దగ్గర ఒకసారి కూర్చుని లెక్కపెట్టాను, ఒక్క గిట్ట గుర్తులో నాలుగు మొలకలు, నాలుగూ చచ్చినవే.

ఇది జనానికి చూపించాలని అంచున ఒక చిన్న ముక్కకి కంచె వేయించాను, ఇరవై మీటర్లకి ఇరవై. పక్కనే అంతే ముక్క కంచె లేకుండా వదిలాను. మూడేళ్లకి లోపల తెల్లమడ నా భుజం దాటింది, బయట మోకాలి దగ్గరే ఉంది. మందల వాళ్లందర్నీ పడవల్లో తీసుకెళ్లి చూపించాను. ఎంత సంతోషంగా చూపించానో చెప్పలేను. అందరూ తలూపారు. బాబాయ్ మాత్రం కంచె చుట్టూ ఒక తిరుగు తిరిగొచ్చి, "బాగుందండి. మరి ఈ మూడేళ్లూ ఎండాకాలంలో మా గేదెలు ఏం తిన్నాయో అది కూడా ఎక్కడన్నా రాసి ఉంటే చూపించండి" అన్నాడు.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. దానికోసం అడవిలో వెతకడం మానేసి ఊళ్లోకి వచ్చాను.

మన దగ్గర గేదెకి కష్టకాలం ఎప్పుడు? దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో గానీ నీళ్లు వదలరు. గట్ల మీద గడ్డి ఎండిపోతుంది, చెరువులు అడుగంటుతాయి. ఒకప్పుడు ఊరికి ఊరంత మేత పోరంబోకు ఉండేది, ఇప్పుడు చాలా చోట్ల అది రొయ్యల చెరువు. సార్వా, అంటే మొదటి పంట, కోసిన చేలో మేతకి పిల్లిపెసర, జనుము చల్లేవాళ్లు, ఆ అలవాటూ తగ్గింది. చేత్తో కోసిన రోజుల్లో ప్రతి ఇంటి ముందూ గడ్డిమేటు ఉండేది. కోతమిషన్ వచ్చాక గడ్డి చేలోనే చిందరవందరగా పడిపోతోంది, ఎత్తించడానికి ఖర్చు, అగ్గిపుల్లకి ఖర్చు లేదు. అలా కాలిపోయిన మేతే మే నెలలో మడ అడవిని తింటోంది. నాకు బాగా బాధ కలిగించే సంగతి ఇదే, పక్క పొలంలో పొగ లేస్తుంటే చూస్తూ ఊరుకుని నెల తర్వాత మొక్కలు తిన్నాయని గేదె మీద కర్ర ఎత్తడం.

లెక్క పెద్ద కష్టం కాదు. ఓ మోస్తరు గేదెకి రోజుకి 10 కిలోల ఎండుమేత అనుకుంటే 60 రోజులకి 600 కిలోలు. పచ్చిమేత లేని రోజుల్లో ఒట్టి వరిగడ్డితో బలం రాదు కాబట్టి 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి పెడతారు. ఇది పశువుల డాక్టరుగారు దగ్గరుండి చేయించారు, యూరియా కొలత తప్పితే ప్రమాదం, ఎవరికి వాళ్లు చేసుకునేది కాదు. గాలికుంటు టీకాలు కూడా అప్పుడే వేయించేస్తాం. అభయారణ్యం చుట్టూ అయిదు కిలోమీటర్ల లోపలి పశువులకి టీకాలు వేయించాలని వన్యప్రాణి చట్టంలోనే ఉంది. అది మా వైపు వర్తించినా వర్తించకపోయినా, మందలు కలిసే చోట మంచి పద్ధతే కదా.

అడవి బాగోగులు చూసుకునే ఊరి సమితి మీటింగులో రెండు సాయంత్రాలు వాదించుకుని ఒక మాట మీదకి వచ్చాం. గింజలు రాలే వానాకాలంలో కాలవ వైపు ఎవరూ తోలరు. కొత్తగా నాటిన చోట మూడేళ్లు ముట్టరు. చేలో గడ్డి కాల్చకుండా ఊరంతా కలిసి ఒక మేటు వేసి, వేసవిలో అందులోంచి గేదెల లెక్కన గడ్డి పంచుకుంటారు. నా పుస్తకంలో గేదెల లెక్క ఇప్పుడు అందుకే పనికొస్తోంది, వాళ్లే పిలిచి రాయిస్తున్నారు. అందరూ పాటిస్తున్నారా అంటే లేదు. కిందటేడు రెండు మందలు రాత్రిపూట వచ్చాయి, ఎవరివో అందరికీ తెలుసు, వాళ్లకి సెంటు పొలం లేదు, గడ్డి కొనే స్తోమత అంతకన్నా లేదు. ఈసారి పంపకంలో వాళ్ల వాటా ముందు తీయాలని అడిగాను, ఇంకా తేలలేదు.

ప్రస్తుతానికి దాళ్వా కోతలు సగం అయ్యాయి. పాత బడి పక్కన దిబ్బ మీద మేటు నడుం ఎత్తుకి వచ్చింది. గడ్డి చుట్టలు కట్టే మిషన్ అతను తడి ఆరితే ఎల్లుండి వస్తానన్నాడు. ఈలోపు ఎవరూ అగ్గిపుల్ల గీయకుండా రేపు పొద్దున్న నేనూ బాబాయ్ చేల వెంబడి ఇల్లిల్లూ తిరగాలి.