అందరికీ ఒకటే నియమమా?

వివక్ష చూపాలంటే మనసులో ద్వేషం ఉండనక్కరలేదని మొన్న ఒడిశాలోని పర్లాకిమిడిలో కళ్లారా చూశాను. మోకాళ్లు పనిచేయని మా పెద్దమ్మను పెన్షన్ పనిమీద ఒక కార్యాలయానికి తీసుకెళితే, వేలిముద్ర యంత్రం పై అంతస్తులో ఉందని, ఫిర్యాదు ఏదైనా ఉంటే ఒడియాలోనే రాయాలని, నియమం అందరికీ ఒకటేనని అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పారు. ఆవిడ మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయింది.

కులమో మతమో అడిగి గెంటేస్తే అది ప్రత్యక్ష వివక్ష. దాన్ని ఎవరైనా గుర్తుపడతారు. పైకి సమానంగా కనిపించే నియమమే కొందరిని గుమ్మం బయట నిలబెడితే అది పరోక్ష వివక్ష. అందుకే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, మోయలేని భారం కానంతవరకు చేయవలసిన సముచిత సర్దుబాటును, అంటే వికలాంగులకు వీలుగా చేసే తగిన మార్పును, నిరాకరించడాన్ని కూడా వివక్షగానే నిర్వచించింది. అంటే, ఆ చిన్న యంత్రాన్ని కిందికి తేవాలని అడగడం దయకోసం చేయిచాపడం కాదు.

భాష విషయంలోనూ రాజ్యాంగం 350వ అధికరణం స్పష్టంగానే ఉంది: రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి ఫిర్యాదు ఇవ్వవచ్చు. 1936లో ఒడిశాలో కలిసిన ఈ ఊళ్లో తెలుగు వాడుక ఎంత ఉందో వేరే చెప్పాలా? తెలుగులో అర్జీ రాయడానికి సాయం కావలసినవారు మొహమాటపడకుండా నన్ను అడగండి.