తోక చిరిగిన గప్పీ కోలుకున్న విధం: మా హన్మకొండ అక్వేరియం అనుభవం

గప్పీ అంటే చావని చేప అని చాలామందికి నమ్మకం. దోమ పిల్లలను తింటుందని బావుల్లో, కుంటల్లో వదిలే చేపల్లో ఇదొకటి. మురికి కాలువల్లో కూడా గుంపులుగా తిరుగుతుంది. అటువంటి చేప, తేటగా కనిపించే నీళ్లలో, వేళకు మేత దొరుకుతూ ఉండగా, వారం తిరగకముందే ఎందుకు నీరసించిపోతుంది? మా హన్మకొండ ఇంట్లోకి అక్వేరియం వచ్చిన కొత్తలో నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే.

కరీంనగర్‌లో ఉండే మా తమ్ముడు మా పాప పుట్టినరోజుకు 40 లీటర్ల గాజు తొట్టి, ఫిల్టరు, ఆరు గప్పీలు తెచ్చాడు. నాలుగు మగవి, రెండు ఆడవి. రంగులూ పొడవాటి తోకలూ మగవాటికే ఉంటాయి కాబట్టి దుకాణంలో ఎవరైనా వాటినే ఎక్కువగా ఏరుకుంటారు. ఆ సాయంత్రమే బోరు నీళ్లు నింపి, చేపలను వదిలి, లైటు వేశాడు. పాప ఆ రాత్రి అన్నం తొట్టి ముందే కూర్చుని తింది.

కొద్ది రోజులకే నీలి తోక మగచేప ఫిల్టరు వెనక మూలలో, రెక్కలు ఒంటికి అంటించుకుని, కదలకుండా ఉండటం మొదలుపెట్టింది. మేత వేస్తే మిగతావి పైకి దూసుకొచ్చేవి. ఇది అక్కడే ఉండేది. ఎర్ర తోక మగది దాని వెంటపడి తోక కొరికేది. తోక అంచు పీలికలై తెల్లబడింది. ఆడచేపల్లో ఒకటి నీటి పైపొరకు చేరి గబగబా నోరు ఆడిస్తోంది. గప్పీల గుంపులో ఒక చేప నలతపడితే మిగతావి దాన్ని వదలవు. అందుకే మొదట జబ్బు వచ్చి తర్వాత వేధింపు మొదలైందా, వేధింపు వల్ల జబ్బు వచ్చిందా అన్నది బయటి నుంచి చూసి చెప్పడం కష్టం.

దుకాణంలో అడిగితే ఒక పసుపు మందు, ఒక నీలం మందు ఇచ్చి రెండూ తొట్టిలో పోయమన్నారు. నేను జూనియర్ కళాశాలలో రసాయన శాస్త్రం చెబుతాను. నీళ్లలో ఏముందో చూడకుండా అందులో ఇంకేదో కలపడానికి నాకు మనసు ఒప్పలేదు. చుక్కలు వేసి రంగు చూసే పరీక్ష కిట్టు తెప్పించుకున్నాను. అమ్మోనియా లీటరుకు 1 మిల్లీగ్రాము, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 8. చేప మూలకు చేరడానికి కారణం అక్కడే దొరికింది.

చేప మొప్పల నుంచి అమ్మోనియా వదులుతుంది. మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, మరో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం. మూడోది నీళ్లు మారుస్తూ ఉంటే పెద్దగా హాని చేయదు. ఈ బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో, గులకరాళ్లపై స్థిరపడటానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. కుంటలో అడుగున బురద ఉంటుంది, రాయి ఉంటుంది, నాచు ఉంటుంది. ఆ బ్యాక్టీరియా సైన్యమంతా ఎప్పటినుంచో అక్కడ కాపురం ఉంటుంది. కొత్త గాజు తొట్టిలో అదేమీ లేదు. పైగా అమ్మకానికి పెంచే గప్పీలను తరతరాలుగా తోక అందం చూసి ఎంచుతూ వచ్చారు. కాలువ గప్పీకి ఉన్న ఓర్పు వాటిలో అంతగా మిగల్లేదు.

మన బోరు నీళ్ల గురించి ఇక్కడ చెప్పాలి. గిన్నెల అడుగున తెల్లటి పెచ్చు కట్టే కఠిన జలం గప్పీకి నిజానికి బాగా నచ్చుతుంది. మెత్తటి, ఆమ్ల గుణం ఉన్న నీళ్లలోనే అది ఇబ్బంది పడుతుంది. అయితే ఆ నీళ్లకు మరో గుణం ఉంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే, మొత్తం అమ్మోనియాలో చేపను నేరుగా చంపే భాగం దాదాపు పది రెట్లు అవుతుంది. అదే 1 మిల్లీగ్రాము మెత్తటి నీళ్లలో ఉంటే మాకు కొంత వ్యవధి దొరికేది. ఇక్కడ ఆ వ్యవధి లేదు.

రోజూ నాలుగో వంతు నీళ్లు తీసి కొత్తవి పోయడం మొదలుపెట్టాను. బోరు నీళ్లను రాత్రే బకెట్లో పట్టి, గాలి రాయి (నీళ్లలోకి సన్నటి గాలి బుడగలు వదిలే రాయి) వేసి ఉంచేదాన్ని. భూగర్భ జలంలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. బోరు పనిచేయని రోజు నల్లా నీళ్లు వాడాల్సి వస్తే క్లోరిన్ విరిచే చుక్కలు తప్పనిసరి. అది డిసెంబరు. తెల్లవారుజామున మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత చల్లగా ఉంటాయి. వాటిని అలాగే పోస్తే చేపకు మరో దెబ్బ. అందుకని చిన్న హీటరు కొని తొట్టిని 26 డిగ్రీల దగ్గర నిలిపాను.

మేత తగ్గించడమే ఇంట్లో అన్నిటికంటే కష్టమైన పని. రోజుకు ఒకసారి, నిమిషంలో తినేయగలిగినంతే. మా అత్తయ్యకు అది గిట్టేది కాదు. "నోరు లేని జీవాలమ్మా, ఇంకొంచెం వెయ్యి, ఎలా చూస్తున్నాయో చూడు" అనేవారు. గప్పీ ఎప్పుడూ అలాగే చూస్తుంది. చివరకు ఆవిడకు పరీక్ష నాళికలో పచ్చబడిన నీళ్లు చూపించి, "ఇదంతా మేతే అత్తయ్యా" అన్నాను. ఆ తర్వాత మేత డబ్బాను ఆవిడే పాపకు అందకుండా పైఅరలో పెట్టారు.

నోరు ఆడిస్తున్న ఆడచేప దక్కలేదు. పాప చాలా ఏడ్చింది. పక్కింటి ఆయన జాలిపడి, మిగిలినవాటిని భద్రకాళి చెరువులో వదిలేయమన్నారు. నేను గట్టిగా వద్దన్నాను. గప్పీ దక్షిణ అమెరికా ఉత్తర తీరం, ట్రినిడాడ్ ప్రాంతాల చేప. మన చెరువులో అది బతికితే అక్కడి చిన్న చేపలకు నష్టం, చస్తే దాని జబ్బును అక్కడ వదిలినట్టు.

నీలి తోకను 15 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులోకి మార్చాను. కొత్త స్పాంజి ఫిల్టరు, పక్కలకు తువ్వాలు కప్పి కొంచెం చీకటి, లీటరుకు 2 గ్రాముల కల్లుప్పు. అయోడిన్ కలపని ఉప్పును మగ్గులో కరిగించి కొంచెం కొంచెంగా పోయాలి. నీళ్లు ఆవిరైతే ఉప్పు ఆవిరి కాదు. కాబట్టి మార్చిన నీళ్లకు సరిపడా మాత్రమే మళ్లీ కలపాలి. పెద్ద తొట్టిలో అమ్మోనియా దిగి నైట్రైటు పెరిగినప్పుడు అందులోనూ లీటరుకు 1 గ్రాము వేశాను. ఉప్పులోని క్లోరైడు మొప్పల దగ్గర నైట్రైటుకు అడ్డుపడుతుంది. వీధి చివర బాదం చెట్టు కింద రాలిన ఎండుటాకు ఒకటి కడిగి టబ్బులో వేశాను. దాన్ని మందు అనను. నీళ్లు పలచటి టీ రంగుకు తిరిగాయి, చేప నెమ్మదించింది.

నీలం మందు పోయలేదు. అది ఫిల్టరు బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. మనుషుల యాంటీబయాటిక్ మాత్రలను పొడి చేసి కలపమనే సలహా కూడా వచ్చింది. కొలత తెలియని మందును చేపకైనా ఇవ్వకూడదు. నేను రోజూ చూసింది తోక అంచునే. అంచు ఎర్రబడి ఒంటి వైపు పాకుతుంటే మందు అవసరమయ్యేది. అలా జరగలేదు. చిరుగుల చివర రంగు లేని, గాజులాంటి సన్నటి అంచు కనిపించింది. కుళ్లు మళ్లీ మొదలైందేమోనని చాలామంది దాన్ని చూసి భయపడతారు. అది కొత్తగా పెరుగుతున్న తోక. రంగు తర్వాత వస్తుంది.

ఇక ఎర్ర తోక సంగతి. దెబ్బ తిన్న చేపను తీసి బాగుచేసి మళ్లీ అదే గుంపులో వేస్తే మళ్లీ అదే జరుగుతుంది. ఎందుకంటే కొట్టే చేప తన చోటులోనే ఉంటుంది. అసలు చిక్కు లెక్కలోనే ఉంది. ఒక మగదానికి కనీసం రెండు మూడు ఆడవి ఉండాలి. మా తొట్టిలో నాలుగు మగవాటికి ఒక్క ఆడచేప మిగిలింది, దానికి ఊపిరి తీసుకునే తీరిక కూడా లేదు. ఎర్ర తోకతో సహా రెండు మగవాటిని దుకాణానికి తిరిగి ఇచ్చాను. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చి నిలిచాకే నీలి తోకను పెద్ద తొట్టిలో వేశాను. అదీ లైటు ఆర్పాక, రాళ్లు, మొక్కల స్థానాలు మార్చి. అలా చేస్తే పాత చేపలు కూడా తమ చోటు కొత్తగా వెతుక్కుంటాయి. ఖాళీ అయిన టబ్బులో కొత్తగా తెచ్చిన మూడు ఆడచేపలను కొన్ని వారాలు విడిగా ఉంచి, ఆ తర్వాత కలిపాను.

చేపలు దాక్కోవడానికి హైడ్రిల్లా అనే నీటి మొక్కను గుబురుగా వేశాం. చెరువు నుంచి నేరుగా తెచ్చిన మొక్కతో జలగలు, తూనీగ పిల్లలు కూడా వస్తాయి. తూనీగ పిల్ల చేపపిల్లలను పట్టి తింటుంది. అందుకే దుకాణంలో కొన్నదాన్ని కూడా విడి బకెట్లో ఉంచి చూశాకే తొట్టిలోకి తీసుకున్నాను. ఇప్పుడు ఆ గుబుర్లలో పిల్లలున్నాయి. నీలి తోక మేతకు అందరికంటే ముందు వస్తోంది.

మొన్న కాజీపేటలో ఉండే మా సహోద్యోగి తమ ఇంట్లో తొట్టి పెడుతున్నామని చెప్పింది. మా ఫిల్టరులో బ్యాక్టీరియా స్థిరపడిన స్పాంజి నుంచి ఒక ముక్క కోసి, తొట్టి నీళ్లతోనే ఒక డబ్బాలో వేసి ఇచ్చాను. ఎండనివ్వకుండా, నల్లా కింద కడగకుండా ఆ రోజే ఫిల్టరులో పెట్టమన్నాను. చేపలు రెండు మూడుతో మొదలుపెట్టమని, అందులో మగది ఒకటే ఉండాలని చెప్పాను. పరీక్ష కిట్టు కూడా ఆమె దగ్గరే ఉంది, ఆదివారం తెచ్చిస్తానంది.