ఉంగరానికి వెళితే పావు వరహా

మా మేనత్త ఉంగరం పోయి అప్పటికి నలభై రోజులు దాటింది. ఇంట్లో పోయి ఉంటే ఇల్లంతా తిరగేసి వెతుక్కునేవారు. కాని అది పోయింది అల్లూరికి తూర్పున, సముద్రం వైపు ఉన్న రెండెకరాల ఇసుక చేలో, వేరుశనగ పీకించిన రోజున, కూలీలకు మజ్జిగ పోసి చేతులు కడుక్కున్న తరువాత ఎప్పుడో. అరకాసు బంగారమే అయినా, మామయ్య బతికి ఉండగా చేయించిన చివరి వస్తువు కావడం వల్ల ఆమె దాన్ని మరచిపోలేదు, మమ్మల్ని మరచిపోనివ్వలేదు. చివరకు మా బావ ఫోను చేసి, హైదరాబాదులో మెటల్ డిటెక్టర్లు అద్దెకు దొరుకుతాయట, ఒకటి పట్టుకుని రమ్మన్నాడు. రోజుకు రెండు వేల రూపాయల అద్దె, దానిపైన పది వేలు అడ్వాన్సు. అద్దెకిచ్చే మనిషి డబ్బు లెక్కపెట్టుకుంటూ ‘ఏ గుడి దగ్గరండీ?’ అని మామూలుగా అడిగాడు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను.

ఆ ప్రశ్న నాతోపాటే సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కింది. యంత్రాన్ని విడదీస్తే మూడు ముక్కలవుతుంది: ఒక గొట్టం, అంకెలు కనిపించే పిడి, నేలకు ఆనించి తిప్పే అన్నం పళ్ళెమంత గుండ్రటి తల. మొదటి రెండూ సంచీలో ఇమిడాయి గాని ఆ పళ్ళెం ఇమడలేదు. దుప్పటిలో చుట్టి తలగడగా పెట్టుకున్నాను. ఎదుటి బెర్తులో ఉన్న పెద్దాయన ఉదయగిరి వైపు వాడు. భోజనాలు ముగిసేలోపే ఆ మూట ఏమిటో కనిపెట్టేశాడు. ఉంగరం కథ చెప్పాను. ఆయన ఓపికగా విని, దొంగ సాకు చెప్పే పిల్లవాణ్ణి చూసినట్టు చూసి, తమ ఊరి కొండమీద పాడుబడిన గుడి ఒకటున్నదనీ, అక్కడ ధ్వజస్తంభం కింద ఏడు బిందెలున్నట్టు తన తాతగారు చెప్పేవారనీ, తనకు సగం చాలుననీ గొంతు తగ్గించి చెప్పాడు. గొంతు తగ్గించినా పై బెర్తువారికి వినిపించింది. వారిలో ఒకరు లైటు వేశారు. ఆ తరువాత అరగంటపాటు పెట్టెలో గుప్తనిధుల గురించి తప్ప మరో మాట లేదు. మా జిల్లా పడమటి కొండల్లో నందుల కడుపులు పగలగొట్టి, గర్భగుళ్ళు తవ్విపోసిన చోట్లు నేను చిన్నప్పుడే చూశాను. ఆ పని చేసేవాళ్ళు ఎలా ఉంటారో అనుకునేవాణ్ణి. ఆ రాత్రి ఆ పెట్టెలో వాళ్ళలా ఉన్నది నేనే. పెద్దాయన తన ఫోను నంబరు నా చేత ఎక్కించి, రెండుసార్లు చదివించుకుని మరీ పడుకున్నాడు.

కావలిలో దిగేసరికి బాగా తెల్లవారింది. ఆటోవాడు చెప్పిన ధరకు మరి కొంచెం కలిపితే రైలు టిక్కెట్టు మళ్ళీ కొనుక్కోవచ్చు కనుక బస్సే నయమనుకున్నాను.

మొదటి రోజు గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మే నెల ఎండలో ఆరింటికి చేలోకి దిగితే తొమ్మిదింటికి కాళ్ళు కాలేవి. సముద్రం దగ్గరున్న నేలలో మరొక చిక్కున్నదని నాకు అక్కడికి వెళ్ళాకే అనుభవమైంది. తడిసిన ఉప్పు నేల కరెంటును పారనిస్తుంది. యంత్రం ఆ నేలనే లోహమనుకుని ఊరికే మూలుగుతుంది. చేనుకు పడమటి సగం ఎండి పొడిగా ఉండడం వల్ల నిమ్మళంగా నడిచింది గాని, రొయ్యల గుంటలకు ఆనుకుని ఊట ఎక్కిన తూర్పు సగంలో అడుగడుక్కీ కూసింది. బావ అడుగడుక్కీ తవ్వాడు. బంగారు ఉంగరానికీ, సిగరెట్టు పెట్టెలోని వెండికాగితానికీ యంత్రం చూపే అంకెలు ఇంచుమించు ఒకటే కావడం మరో శిక్ష. సాయంత్రానికి మా గోనెసంచిలో పోగుపడినవి సోడా మూతలు, మాత్రల అట్టల రేకులు, వంగిన మేకులు, ఎద్దు కాలి నాడా ఒకటి, నాగటి కర్రు ముక్క ఒకటి. అత్తయ్య వాటిని ఒక్కొక్కటే తీసి చూసి, నాడా మాత్రం పక్కన పెట్టుకుని, చేపల పులుసు వడ్డించింది. మామిడికాయ ముక్కలు వేసిన ఆ పులుసు కోసమైతే మరో రోజు అద్దె కట్టినా నష్టం లేదనిపించింది.

రెండవ రోజు ఏడున్నర ప్రాంతంలో, చేనుకు పడమటి గట్టు దగ్గర, అంతదాకా నిమ్మళంగా నడిచిన యంత్రం ఒక్కసారిగా సన్నగా, స్పష్టంగా పలికింది. అడ్డంగా తిప్పినా నిలువుగా తిప్పినా అంకె మారలేదు. ఆ అంకె ఉంగరానికి మించినదనీ, వెండికో మందపాటి రాగికో తగినదనీ నాకు తెలుసు. వదిలేసి ముందుకు వెళదామన్నాను. బావ వినలేదు. తొలికతో జానెడు లోతు తీసి, మట్టిని అరచేతిలోకి తీసుకుని నలుపుతుంటే, వేళ్ళ మధ్య నుంచి నల్లటి బిళ్ళ ఒకటి జారి కిందపడింది. మొదట సోడా మూతే అనుకున్నాం. అయితే అది బరువుగా పడింది, దొర్లలేదు.

నీళ్ళసీసాలో మిగిలిన నీరు పోస్తే ఒకవైపు గోపురం బయటపడింది. మెట్లుమెట్లుగా పైకి సన్నబడుతూ, చుట్టూ చుక్కల్లాంటి నక్షత్రాలు. రెండోవైపు చుక్కల వలయంలో, తామరపువ్వులో నుంచి పైకి లేస్తున్న విష్ణుమూర్తి. అంచు చుట్టూ అక్షరాలు సగానికి పైగా అరిగిపోయాయి. ఇంగ్లీషు కొంత, ఫారసీ కొంత, అరవం కొంత. బిళ్ళను ఎండకు ఏటవాలుగా పట్టి తిప్పుతుండగా ఒక మూల రెండు అక్షరాలు లేచి నిలబడ్డాయి: ‘పావు’. నేను చదవడానికి ముందే, ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మా బావ దాన్ని గట్టిగా చదివాడు. పావుకిలో వంకాయలనీ, పావు తక్కువ పదనీ రోజూ నోట ఆడే మాట, రెండు వందల ఏళ్ళ కిందటి కుంపిణీ వెండిమీద అదే గుండ్రటి వొంపుతో కనబడేసరికి ఇద్దరమూ కొంతసేపు మాట్లాడలేదు.

అది పావు వరహా. ఈస్టిండియా కంపెనీవారు మద్రాసులో 1808 ప్రాంతంలో ఈ గోపురం బొమ్మతో వెండి అరవరహాలూ పావు వరహాలూ ముద్రించారు. తెలుగువారూ అరవలూ ఒకే బజారులో మసలే రాజధాని కావడం వల్ల ఆ రెండు భాషలూ నాణెం మీదికి ఎక్కాయి. వరాహమూర్తి బొమ్మ ఉన్న పాత బంగారు నాణేల మీద పుట్టిన పేరు వరహా. దీనిమీద వరాహం లేకపోయినా పేరు మాత్రం నిలిచింది. వరహాకు 42 పణాలు, పణానికి 80 కాసులు. 1818లో కంపెనీ ఈ లెక్కను ఎత్తివేసి రూపాయిని నిలబెట్టినప్పుడు వరహాకు మూడున్నర రూపాయలు కట్టింది. ఆ లెక్కన మా బావ అరచేతిలో ఉన్నది పద్నాలుగు అణాలు. కాసూ పణమూ సంతల్లోంచి వెళ్ళిపోయినా, బంగారాన్ని ఇప్పటికీ కాసుల్లో కొలిచే అత్తయ్య ఉంగరం కోసమే కదా ఆ గట్టు దగ్గరికి వచ్చామన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికి తెచ్చి వసారాలో బల్లమీద పెట్టి, ఫోటోలు తీద్దామని ఫోను కోసం లోపలికి వెళ్ళి వచ్చేసరికి అత్తయ్య చింతపండు గుజ్జు పట్టించి బొటనవేలితో రుద్దుతోంది. వెండి నల్లబడితే ఆమె యాభై ఏళ్ళుగా చేస్తున్న పని అదే. పాత నాణేన్ని తోమకూడదని, ఆ నలుపే దాని చర్మమని నేను కేక వేసేలోపు విష్ణుమూర్తి ఎడమ పక్క తెల్లగా మెరిసిపోయింది. ‘దేవుడి బొమ్మ మసిగొట్టుకుపోయి ఉంటే కడగొద్దంటావేందిరా’ అని ఆమెకూ కోపం వచ్చింది. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు.

నాణెం ఆ గట్టుకు ఎలా చేరిందన్నదానికి మాత్రం సమాధానం ఆమే ఇచ్చింది. ఊరికి ఉత్తరాన పాటిదిబ్బ ఉండేది. వెనుక ఎప్పుడో ఊరుండి పాడుపడిన చోటు అది. అక్కడి పాటిమన్ను ఎరువుగా మంచిదని, తన మామగారి కాలంలో వేసవి వచ్చిందంటే బండ్లకొద్దీ తోలి, ఇసుక చేలల్లో చల్లేవారట. దిబ్బ నా చిన్నతనానికే నడుమెత్తు మిగిలింది. వాన వెలిశాక పిల్లలం పోయి పూసలూ గాజుముక్కలూ ఏరుకునేవాళ్ళం. ఇప్పుడు అక్కడ రొయ్యల గుంట ఉంది. అంటే మేము వెతికింది చేలో అయినా, తవ్వింది ఎవరో తట్టలతో ఎత్తిపోసిన పాత ఊరిని.

మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి వసారా నిండింది. నాణెం చేతులు మారింది, ఒకరు పళ్ళతో కొరికి చూశారు. చూసిన ప్రతివారూ తిరిగి ఇస్తూ ఒకే ప్రశ్న అడిగారు: ‘ఒక్కటేనా?’ ఒక్కటేనని చెబితే, ‘సరేలే’ అన్నారు. ఆ సరేలే అనడంలో రైలు పెద్దాయన చూపే ఉంది. సాయంత్రం పాలు పోసే అబ్బాయి ‘ఏడు దొరికినాయంట గదన్నా’ అని పలకరించాడు. చీకటిపడేసరికి అది బిందె అయింది.

బావ దాన్ని ఇంట్లో పూజలో పెడదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. నిక్షేపాల చట్టం 1878 నాటిది. భూమిలో దాగి ఉన్నది ఏదైనా, విలువ పది రూపాయలు దాటితే, దొరికినవాడు ఏమి దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అన్నది కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే ఏడాదిదాకా జైలు. చట్టంలో ఆ పది రూపాయలు ఇంకా అలాగే ఉన్నాయి. అల్లూరు బస్టాండులో ఒక టీ, రెండు బజ్జీలు కలిపితే అంతకంటే ఎక్కువవుతుంది. తెల్లకాగితంమీద అర్జీ రాసి, నాణేన్ని దూదిలో చుట్టి అగ్గిపెట్టెలో పెట్టుకుని సోమవారం పొద్దున్నే నెల్లూరు బస్సు ఎక్కాం.

పెన్న వంతెన మీద బస్సు ఆగి ఆగి నడుస్తుంటే, ఈ జిల్లా నాణేల్లో అన్నిటికంటే పేరు మోసిన కథ గుర్తుకొచ్చింది. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రాతికొండ పక్కన దున్నుతున్న రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలిందట. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక చిన్న కుండ, కుండలో రోము చక్రవర్తుల బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ కాలంవి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ రాసిన ఉత్తరం వల్ల ఆ సంగతి బయటికి తెలిసింది. రైతు వాటిని పాత బంగారం కిందే అమ్మాడు, చాలావరకు కరిగిపోయాయి. చదివినప్పుడల్లా ఆ రైతు మీద నాకు కోపంగా ఉండేది. వంతెన మీద ఆ కోపం కొంత తగ్గింది. మా నాణెం అత్తయ్య మామగారి కంటపడి ఉంటే ఈపాటికి ఎవరి మెట్టెలో అయ్యేది. అంతకుమించి, ఆ రైతును సాయంత్రం దాకా వరండాలో నిలబెట్టినవాళ్ళెవరూ లేరు.

మమ్మల్ని నిలబెట్టారు. నాణెం తీసుకునే సీటు ఏదో ఆ కార్యాలయంలో ఎవరికీ తెలియలేదు. భూముల సీటు అర్జీల సీటుకు పంపింది, అర్జీల సీటువారు భోజనానికి వెళ్ళారు. నాలుగింటికి ఒక గుమాస్తా అగ్గిపెట్టె తెరిచి, అద్దాలు సవరించుకుని, తెల్లబడిన ఎడమ పక్కను గోటితో గీకబోతే బావ చేయి అడ్డం పెట్టాడు. ఆయన తలెత్తి మా ఇద్దరినీ చూశాడు.

‘ఒక్కటేనా?’

బావ ముఖం ఎర్రబడింది. దొంగతనం చేసేవాడైతే టిక్కెట్టు పెట్టుకుని ఇంతదూరం వస్తాడా అన్నాడు. గమ్మునుండమని నేను మోచేయి నొక్కాను. అర్జీ నకలుమీద ముద్ర వేసి, ‘పాత నాణెం – 1’ అని రాసి, ఆ ఒకటిని సున్నా చేర్చడానికి వీల్లేకుండా అక్షరాల్లో కూడా రాసి ఇచ్చారు. ఆలస్యం కావడంతో ఆ రాత్రి రైలు తప్పింది. అద్దె లెక్కలో నాలుగో రోజు చేరింది.

హైదరాబాదు చేరిన మూడు రోజులకు బావ ఫోను చేశాడు. రాత్రి ఎవరో చేలోకి వచ్చి పడమటి గట్టు పొడవునా పదకొండు గుంతలు తవ్విపోయారట, ఒకటి మోకాలిలోతు ఉందట. పొద్దున్నే చూసి వచ్చినప్పటి నుంచి అత్తయ్య ఒకటే గోలట. తవ్విందెవరో ఊళ్ళో నెమ్మదిగా కనుక్కోమంటోంది, పోలీసులకు చెప్పడానికి కాదు, వాళ్ళకు ఉంగరం గాని దొరికిందేమో అడగడానికి.